ఊరి అడుగున ఇనుము

మన దీవిలో చెరుకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు చూడనివారు ఉండరు. అవి పుట్టుకతో వచ్చిన కొండలు కావనీ, నేలను సాగుకు తేవడానికి మన పెద్దలు చేతులతో ఏరి, మోసి, పేర్చిన రాళ్ళనీ పిల్లలకు పనిగట్టుకుని చెప్పవలసి వస్తుంది. చెప్పకపోతే అవి ఎప్పటినుంచో అలాగే ఉన్నవని వారు అనుకుంటారు.

ఇంగ్లండు నడిమధ్యన ఉన్న నార్తాంప్టన్ పట్టణం చుట్టుప్రక్కల కూడ ఇటువంటి వింత ఒకటి ఉన్నది. పల్లెదారిని పోతూ ఉంటే కొన్నిచోట్ల రోడ్డు గట్టుమీద వేసినట్లు ఎత్తుగా ఉంటుంది. దానికి ఇరువైపులా పొలాలు పల్లంలో ఉంటాయి. వరదలకు భయపడి రోడ్డును ఎత్తు చేశారేమో అనుకుంటాము. నిజానికి రోడ్డు ఉన్నచోటనే ఉన్నది, దిగిపోయినవి పొలాలు. వాటి అడుగున ఉన్న ఇనుపరాతిని తీసుకుని, పైమట్టిని మళ్ళీ పరచి, రైతుకు అప్పగించారు. ఎంత మందం రాయి పోయిందో ఇంచుమించు అంత లోతుకు పొలం దిగింది.

మనవారిలో ఇంగ్లండుకు చదువులకు, నర్సు ఉద్యోగాలకు వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నవి. నార్తాంప్టన్ అనగానే వారికి బూట్ల పరిశ్రమ గుర్తుకు వస్తుంది. ఆ పేరు ఆ ఊరికి తగినదే. అయితే ఊరి అడుగున ఉన్న ఇనుము కథ బూట్ల కథ కంటె పాతది. అది మనబోటివారు తెలుసుకోదగినది కూడ అని నా నమ్మకం.

ముందుగా ఆ రాతిని గూర్చి కొంత చెప్పాలి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు నార్తాంప్టన్ పేరే పెట్టి 'నార్తాంప్టన్ శాండ్' అన్నారు. సుమారు పదిహేడున్నర కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ లోతులేని వెచ్చని సముద్రం ఉండేది. ఆ సముద్రపు అడుగున ఇనుము కలిసిన సన్నని గుండ్రని రేణువులు పేరుకుని రాయిగా మారినవి. విరిచి చూస్తే చేపగుడ్లు అతికించినట్లు కనిపిస్తుంది. భూమి లోపల గాలి తగలనంతకాలం ఈ రాయి ఆకుపచ్చ కలిసిన బూడిదరంగులో ఉంటుంది. గాలి, వాన తగిలితే తుప్పు పట్టి తేనెరంగుకు, గోధుమరంగుకు తిరుగుతుంది. ఇందులో ఇనుము నూటికి ముప్పై పాళ్ళ ప్రాంతంలో ఉంటుంది. బళ్ళారి వైపు దొరికే మేలిరకం ఖనిజంలో అరవైకి పైగా ఉంటుంది గనుక దానితో పోలిస్తే ఇది బీదరాయి. కాని పొర విశాలమైనది, చాలాచోట్ల నేలకు దగ్గరగా ఉన్నది. తీయడం సులువు.

ఈ రాయి విలువ మొదట తెలిసింది ఆధునికులకు కాదు. రోమనులు బ్రిటన్‌ను పాలించిన కాలంలో ఈ జిల్లాలో ఇనుము కరగించారు. 1086లో ఇంగ్లండు రాజు వ్రాయించిన భూముల లెక్కలో, దానినే డూమ్స్‌డే పుస్తకం అంటారు, ఈ ప్రాంతపు ఇనుము ప్రస్తావన ఉన్నది. రాకింగ్‌హామ్ అడవిలో కట్టెబొగ్గు కాల్చి కొలుములు నడిపారు. మన కమ్మరి కొలిమి దగ్గర పేరుకునే చిట్టెం ఎటువంటిదో, అటువంటి చిట్టెపు కుప్పలు అక్కడి పొలాలలో ఈనాటికీ నాగటికి తగులుతాయి. మధ్యయుగం గడిచాక ఆ పని ఆగిపోయింది. ఆగిపోవడమే కాదు, ఆ రాతిలో ఇనుము ఉన్నదన్న సంగతే జనం మరచిపోయారు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచించండి. ఆ మధ్యకాలమంతా వారు ఆ రాతితోనే ఇళ్ళు కట్టుకున్నారు, చర్చీలు కట్టుకున్నారు. నార్తాంప్టన్‌లో సుమారు 1100 ప్రాంతంలో కట్టిన గుండ్రని చర్చి ఒకటి ఉన్నది, హోలీ సెపల్కర్ అని పేరు. దాని గోడలు ఈ గోధుమరంగు రాయే. ఖనిజంతో గోడలు కట్టుకుని, గడియకు, గునపానికి కావలసిన ఇనుమును పరాయి జిల్లాల నుంచి కొని తెచ్చుకున్నారు! నవ్వవచ్చు గాని, మనకు నవ్వే హక్కు ఎంతవరకు ఉన్నదో ఆలోచించాలి. తరువాత వచ్చే కోనసముద్రం మాట చదివాక పాఠకులే నిర్ణయించుకుందురు గాక.

మరచిపోయిన సంగతి మళ్ళీ వెలికి రావడానికి రైలు కారణం. లండన్–బర్మింగ్‌హామ్ రైలుమార్గం 1838లో పూర్తి అయినది. దానినుంచి బ్లిస్‌వర్త్ వద్ద చీలి నార్తాంప్టన్ మీదుగా పీటర్‌బరో వెళ్ళే మార్గం 1845లో తెరిచారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనశాలలో ఈ జిల్లా ఇనుపరాతి నమూనాలను పెట్టారు. ఆ వెనుక దశాబ్దంలోనే చుట్టుప్రక్కల క్వారీలు వరుసగా మొదలైనవి. ఖనిజం ఉన్నచోట నేలబొగ్గు లేదు, నేలబొగ్గు ఉన్నచోట ఖనిజం తరుగుతున్నది. ఈ రెంటినీ కలపడానికి రైలు లేకపోతే ఈ రాయి మరొక వంద సంవత్సరాలు గోడరాయిగానే ఉండిపోయేది. స్టాఫర్డ్‌షైర్ కొలుములకు, సౌత్ వేల్స్ కొలుములకు బండ్లమీద బండ్లు ఖనిజం వెళ్ళింది.

పట్టణానికి నైరుతి దిక్కున రెండు మైళ్ళ దూరంలో హన్స్‌బరీ కొండ ఉన్నది. నేడు అది పట్టణంలో భాగమే. 1870ల ఆరంభంలో ఆ కొండమీద క్వారీ, కొండ దిగువన కాలువకూ రైలుకూ దగ్గరగా బట్టీలు వెలసినవి. అర్ధశతాబ్దం పాటు, 1921 వరకు, అక్కడ ఇనుము పోతపోశారు.

తవ్వే పద్ధతి ఎటువంటిదో తెలిస్తే గాని ఆ పొలాలు ఎందుకు దిగినవో తెలియదు. మొదట పొలం అంచున సన్నని పొడుగాటి కందకం తవ్వి, అడుగున ఇనుపరాయి కనిపించేవరకు పైమట్టిని తీస్తారు. కందకానికి ఒకవైపు ఇంకా తవ్వని నేల, రెండవవైపు తవ్విపోసిన మట్టి. ఈ అంచునుంచి ఆ అంచుకు కందకం మీదుగా పలకలు వేస్తారు. పైన మట్టి తవ్వేవాడు ఒంటిచక్రపు తోపుడుబండి నింపుకుని, ఆ పలకమీద నడిచి అవతలికి పోయి పారబోసి వెనక్కు వస్తాడు. క్రింద మరికొందరు గునపాలతో రాతిని పగులగొట్టి, కందకపు అడుగున వేసిన పట్టాలమీది చిన్న బండ్లలోకి ఎత్తుతారు. రాయి తీసినచోటికి వెనుకటి మట్టి చేరుతూ ఉంటుంది. ఇలాగ కందకం రోజుకు కొంచెం చొప్పున ప్రక్కకు జరుగుతూ పొలమంతా నడిచిపోతుంది. వానకు తడిసిన పలక, నిండు బండి, క్రింద ఇద్దరు మనుషుల లోతు. ఈ పనికి ఎంత గుండెధైర్యం కావాలో చెరుకు మోపు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కినవారి బిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. 1890ల నుంచి ఆవిరి యంత్రాలు రాసాగినవి గాని, చాలా క్వారీలలో ఆ తరువాత కూడ మనిషి భుజమే యంత్రం.

తవ్వితీసిన రాతిని కొన్నిచోట్ల అక్కడికక్కడే బొగ్గుపొడి కలిపి కుప్పపోసి కాల్చేవారు. అందువలన తేమ పోతుంది, రాతిలోని బొగ్గుపులుసు గాలి పోతుంది, బరువు తగ్గి రైలుకూలి కలిసివస్తుంది. కుప్పలు రోజుల తరబడి కాలేవి. ఆ పొగలో ఎవరు బ్రతికారో వారికే తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. హన్స్‌బరీ కొండ నెత్తిన సుమారు నాలుగు ఎకరాల కోట ఒకటి ఉన్నది. రాతికోట కాదు, చుట్టూ లోతైన కందకం, మట్టి కట్ట. జనం దానిని 'డేనుల దిబ్బ' అనేవారు, ఎప్పుడో సముద్రం దాటి దండెత్తివచ్చిన డేనులు కట్టారని నమ్మేవారు. ఆ నమ్మకం తప్పు. అది డేనుల కంటె వెయ్యేళ్ళకు పైగా పాతది, క్రీస్తుకు పూర్వం కొన్ని వందల సంవత్సరాల నాటిది, చరిత్రకారులు ఇనుపయుగం అని పిలిచే కాలానిది. ఆ సంగతి తేలింది క్వారీ వలననే. 1880లలో కూలీలు కోట లోపలికి తవ్వుకుంటూ వచ్చారు. ఇనుపరాయి కోట లోపలి నేలక్రింద కూడ ఉన్నది మరి. నాలుగు ఎకరాలూ తవ్వి తీశారు. చుట్టూ ఉన్న కట్ట మిగిలింది, లోపలి నేల దిగిపోయింది.

తవ్వుతూ ఉంటే రాతిలోకి తొలిచిన గోతులు బయటపడినవి. ఒకటి రెండు కాదు, సుమారు 300. మన పెద్దలు ఆంధ్రదేశంలో ధాన్యం దాచుకొనడానికి నేలలో పాతరలు త్రవ్వేవారు గదా, అవి కూడ అటువంటివే. ధాన్యం ఖాళీ అయినాక పగిలిన కుండలు, విరిగిన పనిముట్లు, ఇంటి చెత్త అందులోనే పడినవి. గోతులనిండా ఒక ఊరి సంసారమంతా దొరికింది. నగిషీ చెక్కిన కుండలు, గాజు పూసలు, కత్తి ఒర, గుర్రపు కళ్ళెం ముక్కలు, ఇనుప కొడవళ్ళు, కత్తులు, రంపాలు. తిరుగలి రాళ్ళు నూరుకు పైగా దొరికినవి. మూడు రంధ్రాలు తొలిచిన మనిషి పుర్రెముక్క కూడ దొరికింది. ఆ రంధ్రాలు దేనికి తొలిచారో ఎవరికి తోచినట్లు వారు చెబుతారు.

నాకు వీటన్నింటిలో తిరుగళ్ళే గొప్పగా తోచినవి. కత్తి ఒర ఒక దొరది కావచ్చు. తిరుగలి ప్రతి ఇంటిదీ. మన ఇళ్ళలో రోష్ కారీ మీద మసాలా నూరిన తల్లుల చేతులు ఎలా అరిగినవో, ఆ కొండమీద తిరుగలి తిప్పిన స్త్రీల చేతులూ అలాగే అరిగి ఉంటాయి.

సమీపంలో కేనన్స్ ఆష్‌బీలో ఉండే సర్ హెన్రీ డ్రైడెన్ అనే పెద్దమనిషికి ప్రాచీన వస్తువులమీద అభిమానం ఎక్కువ. ఆయన ఈ దొరికినవాటిని పరిశీలించి 1885లో ఒక నివేదిక ప్రకటించాడు. వస్తువులు నార్తాంప్టన్ మ్యూజియం చేరినవి. ఆయన పూనుకొనకపోతే అవి ఏ తీరున చెదిరిపోయేవో! అయినా ఒక నష్టం ఎవరూ పూడ్చలేనిది జరిగిపోయింది. పురాతత్వవేత్త గోతిని పొరలు పొరలుగా విప్పుతాడు. ఏ వస్తువు ఏ పొరలో, దేని ప్రక్కన ఉన్నదో వ్రాసుకుంటాడు. టన్నుల లెక్కన పని చేసే కూలీకి ఆ తీరిక ఎక్కడిది? కుండ ఏ గోతిలోదో, పుర్రె దేని ప్రక్కన ఉన్నదో, ఎవరి తరువాత ఎవరు ఆ కొండమీద ఉన్నారో తేల్చడం కష్టమైపోయింది. వస్తువులు మిగిలాయి, వాటి వరుస పోయింది. ఈ తప్పు కూలీల నెత్తిన పెట్టేవారున్నారు. నేను ఒప్పుకోను. పార పట్టినవాడు కుండను చూసి పగులగొట్టకుండా ప్రక్కన పెట్టబట్టే కదా ఈనాడు మ్యూజియంలో అద్దాల వెనుక అది ఉన్నది. డ్రైడెన్ గారి నివేదిక వస్తువుల నివేదిక. తీసినవారి పేర్లకోసం వెదికేవారు ఆ కాలపు జనాభా లెక్కల కాగితాలు తిరగవేసుకోవలసిందే. ఆ విషయంలో మనం కొంత నయం. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో మన తాతముత్తాతల పేర్లు, వారు ఓడ ఎక్కిన వివరాలు, కొందరివి ఫొటోలతో సహా, దస్తావేజులలో భద్రంగా ఉన్నవి. ఆ దస్తావేజులు వ్రాసినవారి ఉద్దేశం వేరైనా మనకు అక్కరకు వచ్చినవి.

పట్టణానికి పడమట ఉన్న డస్టన్ క్వారీలలో కూడ ఇదే జరిగింది. అక్కడ రోమనుల కాలపు ఊరు బయటపడింది. ఇనుము కోసం తవ్వినవారికి వారికంటె ముందు అక్కడ ఉన్నవారు మళ్ళీ మళ్ళీ ఎదురవుతూ వచ్చారు.

మన దేశపు మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. తెలంగాణలో, నిజామాబాదు ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరు ఉన్నది. అక్కడి కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కు కోసం పర్షియా దేశపు వర్తకులు వచ్చి కూర్చునేవారని, 1820లలో ఆ ఊరు చూసిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు వ్రాసిపెట్టాడు. పాశ్చాత్యులు ఆ ఉక్కును 'వూట్జ్' అన్నారు. ఆ మాట మన 'ఉక్కు' మాటకు పట్టిన తుప్పు అని పండితులు చెబుతారు. 1850ల నుంచి నార్తాంప్టన్ వంటి చోట్ల కొలుములు రాజుకుంటున్న ఆ శతాబ్దంలోనే, ఆంగ్ల మిల్లులలోని చవుక ఇనుము ఓడలలో వచ్చి మన ఊళ్ళ కొలుములు ఆరిపోయినవి. పని లేనివారు ఎన్ని దారులు పట్టారో! కోరంగి రేవున ఓడ ఎక్కినవారిలో కమ్మరి బిడ్డలు ఎందరున్నారో లెక్కకట్టడానికి ఆ దస్తావేజులే దిక్కు.

నార్తాంప్టన్ ఇనుములో ఒక లోపం ఉన్నది. అందులో భాస్వరం ఎక్కువ. భాస్వరం ఉన్న ఇనుము కరిగినపుడు పలుచగా పారి అచ్చులలో చక్కగా పోతపడుతుంది, కాని చల్లారితే పెళుసు. పొయ్యిలకు, గొట్టాలకు సరే, ఉక్కుకు పనికిరాదు. 1878 ప్రాంతంలో గిల్‌క్రిస్ట్, థామస్ అనే ఇద్దరు బంధువులు కొలిమి లోపల సున్నపు జాతి ఇటుకలు పరచి, ఇనుములో సున్నం కలిపి, భాస్వరాన్ని చిట్టెంలోకి లాగివేసే ఉపాయం కనిపెట్టారు. ఆ చిట్టెం పొలాలకు ఎరువుగా కూడ పనికివచ్చింది. అప్పటినుంచి బీదరాయికి రోజులు వచ్చినవి.

ఆ రోజులు పూర్తిగా వచ్చినది మాత్రం జిల్లా ఉత్తరపు కొసన ఉన్న కోర్బీలో. 1930లలో స్టూవర్ట్స్ అండ్ లాయిడ్స్ కంపెనీ అక్కడ పెద్ద ఉక్కు కర్మాగారం, గొట్టాల కర్మాగారం పెట్టింది. మొదటి బట్టీ 1934లో వెలిగింది. సుమారు 1,500 మంది ఉన్న పల్లెకు స్కాట్లండులోని క్లైడ్ నదీతీరం నుంచి వేలమంది పనివారు కుటుంబాలతో తరలివచ్చారు. వారిది గిర్మిట్ కాదు, సముద్రం దాటిందీ లేదు. అయినా పుట్టిన ఊరు వదిలినవారే. తమ యాసను, తమ ఫుట్‌బాల్ పిచ్చిని, తమ పండుగలను వెంట తెచ్చుకున్నారు. ఆ ఊరికి 'చిన్న స్కాట్లండు' అనే పేరు వచ్చింది. మనుమల నోట ఇప్పటికీ ఆ యాస జీర వినిపిస్తుందని భాషాశాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు. భాష మూడవ తరానికి ఎంత అందుతుందన్నది మనకు కొత్త ప్రశ్న కాదు గనుక ఈ మాట ఇక్కడ వ్రాస్తున్నాను.

పైమట్టి మరీ మందంగా ఉన్నచోట కందకం పనికిరాదు. నార్తాంప్టన్‌కు ఈశాన్యాన ఉన్న ఇర్త్‌లింగ్‌బరోలో భూమిలోపలికి సొరంగాలు తొలిచి గని నడిపారు. రాతిని గదులు గదులుగా తొలుస్తూ, నడుమ నడుమ స్తంభాలు వదలి కప్పును నిలబెట్టేవారు. చివరకు ఆ స్తంభాలను కూడ తీసుకుని వెనక్కు వచ్చేసి కప్పును కూలనిచ్చేవారు. ఆ ఖనిజం వేల్స్‌లోని ఎబ్బూ వేల్ బట్టీలకు వెళ్ళేది. ఆ గని 1965లో మూతపడింది. విదేశాల నుంచి పెద్ద ఓడలలో వచ్చే మేలిరకం ఖనిజం ముందు ముప్పై పాళ్ళ రాయి నిలువలేకపోయింది. అదే దశాబ్దంలో బైలదిల్లా కొండల ఖనిజం కొత్త రైలుమార్గం మీదుగా విశాఖపట్నం రేవుకు వచ్చి జపానుకు ఎగుమతి కావడం మొదలైనది. ఒక చోట గని మూతపడుతుంటే మరొకచోట కొండ కరుగుతున్నదన్నమాట.

కోర్బీలో మాత్రం ఇంకొంతకాలం నడిచింది. అక్కడి యంత్రాలలో 'సండ్యూ' అని ఒకటి, బరువు 1,675 టన్నులు, కాళ్ళవంటి పాదాలమీద అడుగులు వేస్తూ నడిచేది. 1974లో రట్లండు నుంచి కోర్బీకి పొలాలు, రోడ్లు, ఒక రైలుమార్గం దాటుకుంటూ సుమారు పదమూడు మైళ్ళు తన పాదాలతోనే వచ్చింది. తొమ్మిది వారాల ప్రయాణం. ఊళ్ళవాళ్ళు తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చి చూశారట. ఆరేళ్ళు తిరక్కుండా, 1980లో కోర్బీలో ఇనుము, ఉక్కు తయారీ ఆగిపోయింది. దానితో జిల్లాలో ఇనుపరాతి త్రవ్వకమూ ముగిసింది. స్కాట్లండునుంచి వచ్చినవారి బిడ్డలు వేలమంది ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు. మన చక్కెర మిల్లులు ఒకటొకటిగా మూతపడినపుడు ఊళ్ళు ఎలా ఉండినవో చూసినవారికి ఆ సంవత్సరం కోర్బీ ఎలా ఉండి ఉంటుందో ఊహకు అందుతుంది.

హన్స్‌బరీ సంగతికి తిరిగి వస్తే, 1968లో ప్రభుత్వం నార్తాంప్టన్‌ను పెంచవలసిన కొత్తపట్టణాల జాబితాలో చేర్చింది. ఆ తరువాత కొండ చుట్టూ ఇళ్ళు లేచినవి. తూర్పు హన్స్‌బరీ, పడమటి హన్స్‌బరీ అని రెండు పేటలు వెలసినవి. కోట, దాని ప్రక్క క్వారీ నేల మాత్రం ఉద్యానవనంగా మిగిలినవి. 1974లో కొందరు ఉత్సాహవంతులు కూడి ఒక ట్రస్టు పెట్టి, పాత క్వారీ పట్టాల దారిన చిన్న రైలు నడిపే ఏర్పాటు చేశారు. క్వారీలలో పనిచేసిన పాత ఇంజన్లను, బండ్లను చేరదీశారు. ఆ ఇంజన్లు చూడడానికి పిల్లలను తీసుకువెళ్ళేవారు కోట లోపలికి కూడ ఒకసారి దిగి చూడాలి. చుట్టూ ఉన్న కట్ట రెండువేల సంవత్సరాలకు పైబడినది. కాళ్ళ క్రింది నేల మాత్రం 1880ల నాటిది.

నార్తాంప్టన్‌లో చుట్టాలున్నవారు లండన్ వైపు రైలెక్కినపుడు ఇంకొక సంగతి గమనించవచ్చు. స్టేషను వదిలిన కొద్దిసేపటికే బండి సొరంగంలోకి పోతుంది. 1880ల ఆరంభంలో, కొండమీద కూలీలు పాతరలను తవ్వుతున్న ఆ రోజులలోనే, క్రింద ఆ సొరంగం తొలిచారు. దాని పేరు హన్స్‌బరీ కొండ సొరంగం.